పూజకు రాని జాకీ

ఈ మధ్య ఉప్పల్ మెట్రో స్టేషన్ కింద టీ తాగుతుంటే ఒక పాత మిలిటరీ పికప్ వచ్చి పక్కన ఆగింది. నడుమెత్తు టైర్లు, ముందర ఇనుప గార్డు, పైన వరసగా లైట్లు. ఇద్దరు కుర్రాళ్లు దిగి దాని ముందు రకరకాలుగా నిలబడి ఫోన్లో వీడియో తీసుకున్నారు. నేను గ్లాసు కింద పెట్టి, మోకాళ్లు వద్దంటున్నా వినకుండా వంగి బండి కిందికి చూశాను.

"ఏంది తాతా, ఏమన్న పడిపోయిందా?" అని అడిగాడు ఒకడు.

ఏమీ పడలేదన్నాను. బతుకంతా బండ్లకు వెల్డింగ్ చేసినవాడికి పైన ఎన్ని లైట్లు పెట్టారన్నది పట్టదు, కింద ఎవడేం చేశాడో చూడకపోతే నిద్ర పట్టదు. వాళ్లకు ఆ మాట చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. పాత మిలిటరీ బండి కొని దాన్ని మార్చుకోవాలని ఉబలాటపడే పిల్లలు ఇది చదవాలి. ముందే చెబుతున్నాను, ఇందులో నవ్వుకునే సంగతులన్నీ మొదట్లోనే ఉన్నాయి.

మా షెడ్డు నాచారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక గల్లీలో ఉండేది. ఆ జాగా మా ఉస్తాదు తండ్రి జొన్నలు పండించిన చెలక. ఫ్యాక్టరీలు వచ్చి చెలకను మింగాక మిగిలిన ముక్కలో ఈయన రేకులు వేసి, లారీలకూ వ్యాన్లకూ బాడీలు కట్టే పని పెట్టాడు. మహా భక్తిపరుడు. పొద్దున షట్టర్ ఎత్తగానే అమ్మవారి పటానికి అగరుబత్తి, ఆ వెంటనే మాకు తిట్లు. రెండిట్లో ఏదీ ఒక్కరోజు కూడా తప్పలేదు.

నాకు ఆ షెడ్డులో అందరికంటే దగ్గరివాడు ఫిట్టర్. ఇద్దరం జనగామ అవతలి నుంచి ఒకే బస్సులో వచ్చి, ఒకే గదిలో చాపలు పరుచుకున్నవాళ్లం. అంతకు మించి చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లం. కమాన్ పట్టీల పనిలో, అంటే బండి బరువు మోసే ఆ ఉక్కు పట్టీలు కట్టడంలో, నాచారంలో అతనికి పేరుండేది. పెళ్లయ్యాక జవహర్‌నగర్‌లో రెండు గదులు వేసుకున్నాడు. చెత్త డంపు అక్కడికి కూతవేటు దూరం. "మా ఇంటికి అడ్రస్ ఎందుకు బావా, ముక్కు పట్టుకొని రా, యాడ ఊపిరాడదో గదే మా ఇల్లు," అనేవాడు. భార్య మా గల్లీ చివరి ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వచ్చేది. పొద్దున ఇద్దరూ ఒకే బండి మీద వచ్చేవాళ్లు.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. జాకీతో బండిని లేపాక దాని కింద ఇనుప స్టాండ్లు పెడతారు. వాటిని మేము ఘోడీలనేవాళ్లం. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. అది ఎప్పుడు జారుతుందో, ఎప్పుడు నూనె కక్కుతుందో దానికే తెలియదు. మోసేవి ఘోడీలు. అందుకని బండి కిందికి దూరబోయేవాడు ముందు గట్టిగా అడగాలి: "ఘోడీలున్నయా?" ఉస్తాదు ఎక్కడున్నా వచ్చి, కళ్లతో చూసి, "ఉన్నయ్, పో" అనాలి. ఆ మాట వినకుండా దూరితే ఆ రోజు పని బంద్, ఇంటికి పొమ్మనేవాడు. వయసులో ఉన్నప్పుడు వేరే షెడ్డులో ఒకడి చెయ్యి నలగడం చూశాడట. ఆ ఒక్క విషయంలో ఆయన దేవుణ్ణి కూడా నమ్మేవాడు కాదు. అందుకే మా దగ్గర ఎవరికీ గోరు కూడా ఊడలేదు.

ఇక ఆ బండి. అన్నోజిగూడ నుంచి ఒక రిటైర్డ్ ఆర్మీ డ్రైవర్ వచ్చాడు. మిలిటరీ వాళ్లు పాత బండ్లను వేలం వేస్తే అందులో ఒక పికప్ కొన్నాడు. సర్వీసంతా అలాంటి బండే నడిపాడట. దాన్ని రికవరీ వ్యాన్‌గా మార్చి, వరంగల్ హైవే మీద యాక్సిడెంట్ అయిన బండ్లను లాగే పని పెట్టుకోవాలని ఆయన ఆలోచన. ఫిట్టర్ మొదటి రోజే ఆయనకు ప్రమోషన్ ఇచ్చేశాడు.

"రాండ్రి మేజర్ సాబ్, కూసోండ్రి."

"నేను డ్రైవర్ని నాయనా, మేజర్ని గాదు."

"రిటైర్ అయినంక అందరు మేజర్లే సారూ. మా ఉస్తాదును సూడున్రి, చెలక పోయినంక ఓనరైండు."

పని మొదలైంది. మేజర్ సాబ్ రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. పాత స్టీరింగ్ తీసి పవర్ స్టీరింగ్ పెట్టాం, ముందు బ్రేకులు మార్చాం. వెనక తొట్టి కోసేసి ఇనుప చానళ్లతో లాగుడు స్తంభం నిలబెట్టి, దానికి ఇనుప తాడు చుట్టి బండ్లను లాగే వించి బిగించింది నేనే. ఆ బరువుకు పాత కమాన్ పట్టీలు చాలవని ఫిట్టర్ రెండు పక్కలా అదనంగా పట్టీలు వేసి కట్టాడు. ఊడదీసిన ప్రతి ముక్కనూ మేజర్ సాబ్ చేతుల్లోకి తీసుకొని తుడిచి పక్కన పెట్టేవాడు. ప్రాణం లేని ఇనుము మీద అంత ప్రేమ ఏమిటా అని నాకు విసుగొచ్చేది.

అసలు గొడవ రంగు దగ్గర వచ్చింది. ఆ పచ్చ రంగు మిలిటరీ వాళ్లకే, మామూలు మనుషుల బండికి ఉండకూడదు. గీకేసి పసుపు రంగు కొట్టాలి. గీకుతున్నంత సేపూ ఆయన లోపలికి రాలేదు, గేటు దగ్గరే అటు తిరిగి నిలబడ్డాడు. అది చూసి ఫిట్టర్, రంగు గీకుతున్న పెయింటర్ చెవిలో ఏదో చెప్పాడు. పని అయ్యాక ఆయన్ని పిలిచి డాష్‌బోర్డులో సామాన్లు పెట్టుకునే చిన్న అర తెరిచి చూపించాడు. దాని మూత లోపలి వైపు అరచేయంత మేర పాత పచ్చ రంగు అలాగే ఉంది.

"గీడిదాకా ఎవడు సూస్తడు సారూ? యాదికొచ్చినప్పుడల్ల తెరిచి సూస్కోండ్రి."

ఆయన ఆ రంగును వేలితో తడిమాడు. తర్వాత ఫిట్టర్ భుజం మీద చెయ్యి వేశాడు. ఫిట్టర్‌కు సిగ్గేసి, బోల్టులు తిప్పే పాన తెచ్చుకుంటానని అవతలికి పోయాడు.

దసరాకు బండి ఇచ్చేయాలన్నది మాట. కానీ వెనక ఇరుసుకు కమాన్ పట్టీలను బిగించే బోల్టులు కొలత తప్పి వచ్చాయి. మళ్లీ తెప్పించేసరికి పండుగ దాటేలా ఉంది. సరే, పూజ మాత్రం పండుగనాడే చేయిద్దాం, బండి తర్వాత తీసుకుపోతానన్నాడు మేజర్ సాబ్. వెనక చక్రాలు ఊడదీసి, బండి వెనక భాగం రెండు ఘోడీల మీద నిలబడి ఉంది.

దసరా ముందు రోజు షెడ్డులో ఇనుమంతా కడుగుతారు. పానాలు, సుత్తులు, కట్టర్లు, నా వెల్డింగ్ మిషను, అన్నిటికీ డీజిలు రాసి తుడిచి, అమ్మవారి పటం ముందు వరసగా పెడతారు. బొట్టు పడ్డాక మర్నాడు పొద్దుటిదాకా ఎవరూ ఏ పనిముట్టునూ ముట్టరు. వాటికీ ఒకరోజు విశ్రాంతి ఉండాలంటారు. ఆ సాయంత్రం నేను బంతిపూల కోసం ఉప్పల్ పోయాను, ఫిట్టర్ బట్టలు కొనడానికి భార్యతో పోయాడు. ఉస్తాదు ఒక్కడే కూర్చుని అన్నీ కడిగాడు. ఘోడీలు కూడా కడగాలి కదా. వెనక ఇరుసు మధ్యలో జాకీ పెట్టి బండి బరువు దాని మీదికి తెచ్చి, ఘోడీలు రెండూ బయటికి లాగాడు. పక్కన పడుకోబెట్టిన చక్రాలనూ దొర్లించుకుపోయి పటం ముందు ఆనించాడు. రేపు ఎలాగూ పని లేదు, కిందికి ఎవడు పోతాడు అనుకున్నాడు. ఆయన లెక్కలో తప్పు లేదు. పని లేనినాడు బండి కిందికి పోయినవాడు మా షెడ్డు చరిత్రలో లేడు.

మర్నాడు పొద్దున మేమందరం కొత్త బట్టల్లో వచ్చాం. మేజర్ సాబ్ భార్యను వెంటబెట్టుకొని మిఠాయి డబ్బాతో వచ్చాడు. పటం ముందు పనిముట్లన్నీ తళతళలాడుతున్నాయి. చివర్లో ఘోడీలు రెండూ నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికి పసుపు, మీద బంతిపూవు. మేమందరం చూశాం. వాటికి దండం కూడా పెట్టాం. ఘోడీలు ఇక్కడున్నాయంటే అక్కడ లేవని కదా. ఇంత చిన్న లెక్క అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. షెడ్డులో ఉన్న ఇనుములో పూజకు రానిది ఆ జాకీ ఒక్కటే.

ఉస్తాదు హారతి ఇచ్చి గుమ్మడికాయ కొట్టాడు. తర్వాత మా షెడ్డులో ఇంకో అలవాటు, ఎప్పుడూ బండి చక్రాల మీద నిలబడి ఇంటికి పోయే రోజున చేసేది. బండికి ఎవరు ఏ పని చేశారో ఆ చోట వాళ్లే తమ చేత్తో బొట్టు పెట్టాలి. పెయింటర్ బానెట్ మీద పెట్టాడు. నేను వించి కింద నా అతుకు మీద పెట్టాను. ఫిట్టర్ పని ఉన్నది బండి కింద. అతను అరచేతిలో కుంకుమ పోసుకొని, కొత్త చొక్కా మాసిపోకుండా ఒక అట్ట పరుచుకున్నాడు.

అతను అడగలేదు. ఎన్నో ఏళ్లుగా నేను ఆ గొంతు వింటూనే ఉన్నాను, కిందికి దూరేటప్పుడు ఒక్కసారి కూడా అడగకుండా పోలేదు. కానీ ఆ ప్రశ్న పనిది. ఇప్పుడు పోతున్నది పనికి కాదు, బొట్టు పెట్టడానికి. చేతిలో పాన లేదు, కుంకుమ ఉంది. అందుకే నోరు లేవలేదు, నేను అలాగే అనుకుంటున్నాను. ఉస్తాదు అప్పుడు మేజర్ సాబ్ భార్యకు కొబ్బరి చిప్ప ఇస్తూ అటు తిరిగి ఉన్నాడు.

ఒక పక్క పెట్టాడు. రెండో పక్కకు జరగడానికి కమాన్ పట్టీని పట్టుకొని ఒళ్లు లాక్కున్నట్టున్నాడు. బండి అటు ఊగింది. జాకీ పక్కకు పడిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే ఇరుసు దిగిన చప్పుడు. మనిషి చప్పుడు వినిపించలేదు.

తర్వాత జరిగింది చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ సగం చెప్పి ఊరుకోవడం ఇంకా తప్పు. మేమందరం అరిచాం. ఎవరూ కదల్లేదు. షెడ్డులో మిగిలిన జాకీలన్నీ పూలదండలు వేసుకొని అమ్మవారి ముందున్నాయి. ఆ కాస్త సేపు ఎందుకు ఆగామా అని ఇప్పటికీ మా మీద నాకు కోపమే. కదిలింది ఉస్తాదే. దీపాన్ని కాలితో తన్నేసి, బొట్టు పెట్టిన జాకీని లాక్కొని పరుగెత్తాడు. ఈలోగా పక్క షెడ్డుల వాళ్లు పండుగ బట్టల్లోనే ఉరికొచ్చారు. మేజర్ సాబ్ గొంతు మారిపోయింది, ఆర్మీలో ఉన్నప్పటి గొంతు కాబోలు. "అందరు ఒక్కపారే లేపాలె, నేనన్నప్పుడు!" అని అరిచాడు. లేపాం. ఉస్తాదు ఇరుసు కింద జాకీ ఆనించగానే ఫిట్టర్ని బయటికి లాగాం.

దవాఖానాకు పోయేదాకా అతని తల మేజర్ సాబ్ ఒళ్లో ఉంది. పోయేముందు భార్యను తలచుకున్నాడని, నీళ్లడిగాడని తర్వాత చాలామంది చెప్పుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. పొద్దుగూకకముందే పోయాడు.

ఫిట్టర్ భార్యకు కబురు చేరేసరికి ఆమె పండుగ వంట చేస్తున్నది. దవాఖానా మెట్ల దగ్గర ఏడవకుండా ఒక్కటే అడిగింది, "ఘోడీలు ఎవరు తీసిన్రు?" అతను రోజూ ఇంటికి పోయి మా కట్టుబాటు గురించి గొప్పగా చెప్పేవాడేమో, ఆమెకు అన్నీ తెలుసు.

ఉస్తాదు ముందుకొచ్చి, "నేనే తీసిన బిడ్డా," అన్నాడు. పోలీసులతోనూ అదే మాట అన్నాడు. కేసు నడిచింది, తెగింది, ఆ సంగతులు ఇక్కడ వద్దు.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఊళ్లోవాళ్ల మాటలకు. పూజలో ఏదో లోపం జరిగిందన్నారు. మిలిటరీ బండి, ఎక్కడ ఎవరి ఉసురు పోసుకుందో అన్నారు. అమ్మవారు బలి తీసుకుందని ఒక పెద్దమనిషి ఉస్తాదుకే చెప్పాడు, ఓదార్పు అనుకొని. ఉస్తాదు ఆయన్ని గేటు దాకా సాగనంపి, "అమ్మ తియ్యలేదు. నేను తీసిన," అని లోపలికి వచ్చాడు. ఆ పెద్దమనిషి మాట వెనక దాక్కోవచ్చు. ఆయన దాక్కోలేదు. ఆయన తిట్లన్నీ నేను ఆ రోజే మాఫీ చేశాను.

బండి అలాగే పడి ఉంది. కొత్త బోల్టులు వచ్చి మూలన పడ్డాయి. రక్తం చూసిన బండి, తుక్కు కింద ఇచ్చేయమని ఎందరో అన్నారు. మేజర్ సాబ్ మాత్రం రోజూ వచ్చి అదే స్టూలు మీద కూర్చునేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. ఒకరోజు నేనే ఉండబట్టలేక, ఏం చేద్దామనుకుంటున్నారని అడిగాను.

"మా ఆర్మీల మనిషి పోయిన బండిని పారెయ్యరు తమ్మీ. కడిగి మళ్ల నడుపుతరు. పారేస్తే ఆయన జేసిన పని గూడ పారేసినట్టే గదా."

కానీ కిందికి పోయేదెవరు? కొత్త ఫిట్టర్‌ను పిలిస్తే సంగతి విని చెప్పులు కూడా విడవకుండా వెనక్కి పోయాడు. చివరికి ఉస్తాదే అట్ట పరుచుకున్నాడు. ఆయన పాన పట్టుకొని బండి కిందికి దూరడం నేను ఎప్పుడూ చూడలేదు. పడుకొని, రేకుల వైపు చూస్తూ అడిగాడు.

"ఘోడీలున్నయా?"

ఎప్పుడూ జవాబు చెప్పేవాడు ఆయనే. మేమందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మేజర్ సాబ్ స్టూలు మీంచి లేచి, నేల మీద కూర్చుని, రెండు ఘోడీలనూ చేత్తో గట్టిగా ఊపి చూసి చెప్పాడు, "ఉన్నయ్. పోండ్రి."

ఉస్తాదు లోపలికి పోయాడు. చాలాసేపు పాన చప్పుడు వినిపించలేదు. నేను వంగి చూశాను. ఆయన పైకి చూస్తూ పడుకొని ఉన్నాడు. కుడి పక్క కమాన్ పట్టీల మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు ఉంది. ఎడమ పక్క లేదు. ఉస్తాదు దాన్ని తుడవలేదు, దాని పక్కనే బోల్టు బిగించి బయటికి వచ్చాడు. పసుపు రంగు వేసుకున్న ఆ బండి తర్వాత చాలా ఏళ్లు హైవే మీద ఇతరుల బండ్లను లాగింది.

మరుసటి దసరాకు ఉస్తాదు పూజ చేశాడు. నేను చేయడేమో అనుకున్నాను. పటం ముందు పనిముట్లన్నీ పెట్టాడు కానీ ఘోడీలు లేవు. అవి బండ్ల కిందే ఉన్నాయి. హారతి అయ్యాక కుంకుమ పళ్లెం పట్టుకొని, ఒక్కో బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఘోడీలకు అవి ఉన్నచోటే బొట్టు పెట్టసాగాడు. ఆ వయసులో కూర్చోవడం, లేవడం ఆయనకు నరకం. సాయం పడతామంటే వద్దన్నాడు.

అప్పుడు గేటు దగ్గర ఫిట్టర్ భార్య కనిపించింది. ఏడాదిగా ఆమె మా గల్లీలోంచే పనికి పోతూ వస్తూ ఉన్నా, ఒక్కసారి కూడా షెడ్డు వైపు తల తిప్పలేదు.

"యాడ జరిగిందో సూద్దామని వచ్చిన," అంది.

ఉస్తాదు మోకాళ్ల మీద ఉన్నవాడు అలాగే చెయ్యి చాచి చోటు చూపించాడు. అక్కడ ఇప్పుడు వేరే వ్యాను నిలబడి ఉంది. ఆమె చాలాసేపు నేల వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పాలని కాబోలు, ఉస్తాదు పళ్లెం కాస్త ఎత్తి అన్నాడు, "ఇప్పుడు ఘోడీలు తీస్తలేమమ్మా. యాడున్నయో గాడనే బొట్టు పెడుతున్నం."

ఆమె వంగి వ్యాను కింద చూసింది. బొట్టు పెట్టిన ఘోడీలను చూసింది. గొంతులో కోపం లేదు, ఉంటే మాకు కొంచెం నయంగా ఉండేది.

"పోయిన దసరకే గిట్ల పెడితే అయిపోతుండె గద అన్నా," అంది. వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఉస్తాదు లేవలేదు. కొంతసేపటికి తలెత్తకుండానే పళ్లెం నా వైపు జరిపి, మిగిలిన బండ్లకు నన్ను పెట్టమన్నాడు. పక్కనున్న బండి ఎత్తు తక్కువ. చెయ్యి చాపితే ఘోడీ తగులుతుంది కానీ, కిందికి దూరితే తప్ప బొట్టు పెట్టే చోటు కనబడదు. నేను అట్ట పరుచుకొని వెల్లకిలా పడుకున్నాను. అరచేతిలో కుంకుమ ఉంది. పని కాదు కదా అని నోరు ఊరుకోబోయింది. ఊరుకోనివ్వలేదు, గట్టిగా అడిగాను.

"ఘోడీలున్నయా?"

ఉస్తాదు నేల మీద చేతులు ఆనించి, బండి దాకా పాక్కుంటూ వచ్చి, రెండిటినీ ముట్టుకొని చూసేదాకా జవాబు రాలేదు. అప్పటిదాకా నేను లోపలికి పోలేదు.